ప్రశ్నార్థకాల వేట

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతిలోగా ఆన్‌లైన్ చదరంగం సైటు లీచెస్‌లో 2000 రేటింగ్ దాటి తీరతానని పంతం పట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పక్కింటి మాస్టారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నీకంటే తక్కువ రేటింగ్ వాళ్లే తగిలేలా సెట్ చేసుకున్నావట కదా!

లెక్క నీకు తెలిసిందే. రేటింగ్ నీకంటే 200 తక్కువున్న వాళ్లతో ఇరవై ఆటలాడితే పదిహేను గెలిస్తేనే ఉన్నచోట ఉంటావు. 200 ఎక్కువున్న వాళ్లతో అయితే ఐదు చాలు. మన వరంగల్ అబ్బాయి, గ్రాండ్‌మాస్టర్ ఎరిగైసి అర్జున్ ఓపెన్ టోర్నీల్లో తనకన్నా బాగా తక్కువ వాళ్లతో ఆడుతూనే 2024 డిసెంబరు ప్రపంచ రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. ఆ స్థాయిలో 400 తేడా ఉన్నవాణ్ణి గెలిస్తే ఒక్క పాయింటు కూడా రాదు, డ్రా అయితే నాలుగు పోతాయి. అతను ఎదురుగా ఎవరొస్తే వాళ్లతో ఆడాడు. నేను ఏరుకున్నాను.

లాక్‌డౌన్ రోజులవి. లీచెస్‌లో కొత్తగా చేరినవాళ్లకి 1500 ఇచ్చి పక్కన ప్రశ్నార్థకం పెడతారు కదా, లాబీలో వాళ్లనే వెతికి పట్టుకునేవాణ్ణి. ఆటకి రెండో మూడో పాయింట్లు. పొరపాటున గట్టివాడు తగిలితే ఎత్తు వెయ్యకుండానే ఆట రద్దు (అబార్ట్). సిగ్గులేదూ అంటావా? అప్పుడు లేదు. ఆర్నెల్లలో 1850 దాటాను. కాలనీలో అందరికీ ఆ నంబరు తెలుసు.

తర్వాత వైజాగ్‌లో ఒక టోర్నీకి వెళ్లాను. మొదటి రౌండులో ఎనిమిదేళ్ల పిల్ల. కాళ్లు నేలకి అందడం లేదు, రేటింగే లేదు. గుర్రమో శకటమో ఎప్పుడు ఊరికే పెడుతుందా అని కాచుకు కూర్చున్నాను, ఆర్నెల్లుగా నేను చేసింది అదే కనుక. ఆ పిల్ల ఏదీ పెట్టలేదు. సొంతంగా ఎత్తుగడ ఆలోచించడం నాకే మరుపొచ్చింది. ముప్ఫై ఎత్తులు కాకుండానే ఓడి లేచాను. "తాతగారూ, ఇంకోటి ఆడదామా?" అంది పాపం. టెన్షన్‌తో చేతులు వణికి, పని ఉందని బస్సెక్కేశాను. మిగతా రౌండ్లు ఆడలేదు. ఈ సంగతి మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు.

అందుకే చెబుతున్నా, ఆ సెట్టింగ్ తీసెయ్. పైకీ కిందికీ సమానంగా పెట్టు. స్నేహితులతో రేటింగ్ లెక్కలోకొచ్చే ఆటలు వద్దు. ఓడగానే పంతానికి ఇంకోటి మొదలెట్టకు, పదింటికి పడుకో. 2000 సంక్రాంతికి కాకపోతే ఉగాదికి వస్తుంది, మొండిదానా.

వచ్చేటప్పుడు నీ బోర్డు తెచ్చుకో. మనింట్లో నల్ల గుర్రం ఒకటి పోయింది, దాని బదులు అమృతాంజనం సీసా పెట్టి ఆడుతున్నాను. ఈసారి నిన్ను గెలవనివ్వను.

మీ తాతయ్య