మొదటిసారి ప్రాజెక్ట్ లీడ్ చేయాలి, కోర్సు చేస్తే సరిపోతుందా?

మీరు నాలుగేళ్లుగా టీమ్‌లో పనిచేస్తున్నారు, వచ్చే ప్రాజెక్ట్ మిమ్మల్నే లీడ్ చేయమన్నారు. పీఎంపీ (ప్రాజెక్టులు నడిపేవాళ్లకిచ్చే సర్టిఫికెట్) లాంటిది చేస్తే సరిపోతుందా, నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు రేపటి నుంచి పని ఎలా చెప్పాలి అని అడిగారు. నేనూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నుంచి ఇటు వచ్చినవాణ్ణే, నాకు పనికొచ్చినవి చెప్తాను.

కోర్సు సంగతి ముందు తేల్చేద్దాం. పీఎంపీ మీకు ఇప్పుడు కుదరదు, డిగ్రీ ఉన్నా సరే ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపించమంటారు. పీఎంపీ ఇచ్చే పీఎంఐ అనే సంస్థే కొత్తవాళ్ల కోసం సీఏపీఎం అనే సర్టిఫికెట్ కూడా ఇస్తుంది, దానికి ఆ అనుభవం అడగరు, కంపెనీ ఫీజు కడతానంటే చేసేయండి, మీటింగుల్లో వాడే మాటలన్నీ అర్థమవుతాయి. నా మటుకు నాకు ఆ సిలబస్ మొత్తంలో రోజూ పనికొచ్చేది క్రిటికల్ పాత్ ఒక్కటే. 1950ల చివర్లో డ్యూపాంట్ కంపెనీ తన కెమికల్ ప్లాంట్ల పనుల కోసం తయారు చేయించుకున్న పద్ధతి అది. ఏ పని అయితేగానీ ఏ పని మొదలవదో వరుసగా గీసుకుంటూ పోతే, ఒక్క రోజు ఆలస్యమైనా చివరి తేదీని కూడా వెనక్కి నెట్టే పనులు ఏవో బయటపడతాయి, మిగతావాటికి కాస్త వెసులుబాటు ఉంటుంది. ఇది తెలియని లీడ్ అందరి మీదా ఒకేలా అరుస్తాడు. తెలిసినవాడు ఆ ఇద్దరు ముగ్గురి పక్కన కూర్చుని, మిగతావాళ్లను వాళ్ల మానాన పని చేసుకోనిస్తాడు.

ఇక ఏ కోర్సులోనూ దొరకనిది. మొదట్లో ఒక సీనియర్ మేడమ్ కింద పనిచేశాను, పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే ప్రాజెక్ట్. స్టేటస్ మీటింగ్‌లో పాత డేటాను కొత్తదానిలోకి మార్చే కుర్రాడు "తొంభై శాతం అయిపోయింది మేడమ్" అనేవాడు. తర్వాతి వారం అడిగినా తొంభయ్యే. అబద్ధమాడుతున్నాడని కాదు, తను రాయాల్సిన కోడ్ వరకు అతని లెక్క కరెక్టే. ఒకరోజు మేడమ్ శాతాలన్నీ పక్కన పెట్టి, "నేను ఒక కస్టమర్ పేరు చెప్తాను, కొత్త సిస్టమ్‌లో వాళ్ల పోయిన నెల బిల్లు తీసి చూపించు" అన్నారు. తీశాడు, బాగానే వచ్చింది. "ఇంకొకటి తీయి." ఆ రెండో కస్టమర్‌కి రెండు అడ్రస్‌లు, బిల్లుకి ఒకటి, సరుకు పంపడానికి ఒకటి. స్క్రీన్ మీద ఒక్కటే కనిపిస్తోంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో రెండోదానికి అసలు చోటే లేదు, చోటు కావాలంటే దాన్ని అమ్మిన కంపెనీ, అంటే వెండర్, సాఫ్ట్‌వేర్‌ని మార్చి ఇవ్వాలి, వెండర్‌తో మాట్లాడటం ఆ కుర్రాడి పరిధిలో లేదు, అందుకని "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేశాడు. ఇలాంటి కస్టమర్లు ఎంతమంది ఉన్నారో అప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదు. మేడమ్ అతన్ని ఒక్క మాట అనలేదు, అక్కడి నుంచే వెండర్‌కి ఫోన్ చేశారు. ఎన్ని మీటింగులు పెట్టి తొందరపెట్టినా ఆ పని కదిలేది కాదు, ఎందుకంటే అది ఆగింది అతని దగ్గర కాదు.

అందుకే నేను "ఎంత అయింది" అని అడగను. ఏం మిగిలింది, అది ఎవరి దగ్గర ఆగింది, ఇప్పుడు చూపించడానికి ఏముంది, ఈ మూడే అడుగుతాను. మొదట్లో ఇబ్బంది పడతారు, తర్వాత వాళ్లే చూపించడానికి సిద్ధమై వస్తారు.

మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. స్నేహితుల దగ్గర బాస్‌లా గొంతు మార్చనక్కర్లేదు (మారిస్తే నవ్వుతారు, వాళ్ల తప్పేం లేదు). వాళ్లకు అడ్డుపడుతున్నదాన్ని మీరు తీసేస్తున్నారని కనిపిస్తే మాట వింటారు. తేదీలు మాత్రం వాళ్ల నోటి నుంచే రానివ్వండి, మీరు వేసిన తేదీ దాటిపోతే అది మీ తేదీ అవుతుంది. టీమ్‌లో ఆ స్థానం తనకే వస్తుందనుకున్న వ్యక్తి ఒకరు ఉంటారు, ఎవరో మీకు తెలిసే ఉంటుంది. మొదటి మీటింగ్‌కి ముందే విడిగా కలిసి మాట్లాడండి, ఒక భాగం పూర్తిగా అప్పజెప్పండి, అప్పజెప్పాక వేలు పెట్టకండి. ఇంకొకటి, ఎవరి పనైనా ఆలస్యమైతే "నాకు వచ్చుగా" అని రాత్రి కూర్చుని మీరే చేసేయాలనిపిస్తుంది. మీరు అందులో మునిగిపోతే మిగతా ప్రాజెక్ట్‌ని చూసే మనిషి ఉండడు.

మొదలుపెట్టే ముందు ఒక్క పేజీ రాయండి: ఏం ఇస్తే పని పూర్తయినట్టు, ఏవి ఇందులో లేవు, రెండు డిపార్ట్‌మెంట్లకు పడకపోతే ఎవరి మాట చివరిది. మూడోది రాయించుకోవడమే కష్టం, అందరూ "అప్పుడు చూద్దాంలే" అంటారు. ఏదీ తేలకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో సిడ్నీ ఒపేరా హౌస్ చూస్తే తెలుస్తుంది. 1959లో కట్టడం మొదలుపెట్టేనాటికి ఆ పైకప్పు ఎలా నిలబెట్టాలో తేలలేదు, కింద వేసిన స్తంభాలు బరువు మోయవని తర్వాత మళ్లీ కట్టారు. 1963కి, 70 లక్షల డాలర్లలో అయిపోవాల్సింది 1973కి, 10.2 కోట్ల డాలర్లతో పూర్తయింది. భవనం అద్భుతమే, కానీ మన ప్రాజెక్ట్ పదేళ్లు లేటైతే ఎవరూ వచ్చి ఫొటోలు తీసుకోరు.

మధ్యలో "చిన్న మార్పే కదా" అంటూ వస్తారు. కుదరదు అనకండి, సరే అనీ అనకండి. "చేద్దాం, దీనికి నాలుగు రోజులు పడుతుంది, తేదీ జరపనా, లేక లిస్టులోంచి ఇంకొకటి తీసేయనా" అని మెయిల్‌లో అడగండి. సగం మార్పులు ఆ మెయిల్ దగ్గరే ఆగిపోతాయి. లేటవుతోందని మీకు అనుమానం వచ్చిన రోజే మీ మేనేజర్‌కీ చెప్పండి, ఖాయమయ్యేదాకా ఆగితే ఆయన చేయగలిగింది ఏమీ మిగలదు. ఇద్దరు మనుషుల్ని ఇస్తానంటే మాత్రం వెంటనే సంబరపడకండి. లేటైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్‌లో కొత్తవాళ్లను కలిపితే ఇంకా లేటవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, వాళ్లకు పని నేర్పేది ఇప్పుడు తలమునకలుగా ఉన్నవాళ్లే కదా.

లీడ్ చేయడానికి సరే అనే ముందు మీ మేనేజర్‌ని ఒకటి అడగండి: ఇప్పుడు మీరు చేస్తున్న పనిలో ఎంత తీసేస్తారు, అది ఎవరికి ఇస్తారు. "రెండూ మేనేజ్ చేసుకో" అంటే, కనీసం మొదటి నెల రోజులైనా పాత పని వేరొకరికి ఇవ్వమని గట్టిగా అడగండి.