నది మీద బోర్డు పెడితే సరిపోతుందా? తుంగభద్ర కాలువ మీద పనిచేసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది: "కృష్ణా బోర్డు వచ్చి పదేళ్లు దాటింది, అయినా నీళ్ల గొడవ వస్తే సాగర్ దగ్గర పోలీసులే కనిపిస్తారు. ఇలాంటి బోర్డు అసలు ఎక్కడైనా పనిచేసిందా?"

పనిచేసింది, అదీ మన పక్కనే. హోస్పేట దగ్గర తుంగభద్ర బోర్డు 1953 నుంచి నడుస్తోంది. నా ఇరిగేషన్ ఉద్యోగంలో ఎక్కువ భాగం అనంతపురం వైపు హెచ్చెల్సీ (ఎగువ కాలువ) మీదే గడిచింది కాబట్టి దగ్గర నుంచి చూసిందే చెబుతాను.

హెచ్చెల్సీ డ్యాం నుంచి బయల్దేరి దాదాపు 105 కిలోమీటర్లు కర్ణాటకలో పారి, బొమ్మనహాళ్ దగ్గర మన సరిహద్దులోకి వస్తుంది. ఆ 105 కిలోమీటర్లూ బోర్డు చేతిలో ఉంటాయి. అక్కడి ఇంజనీర్లు, సిబ్బంది రాష్ట్రాల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లే. ఛైర్మన్‌ని కేంద్రం వేస్తుంది, ఖర్చు రాష్ట్రాలు భరిస్తాయి. కాలువకి ఎంత వదలాలో మనం ఇండెంట్ (ఎన్ని నీళ్లు కావాలో రాసిన కోరిక) పెడతాం, బోర్డు వదులుతుంది. నీళ్లు మా దగ్గరికి చేరేసరికి రెండో రోజో మూడో రోజో అయ్యేది. ఈలోపు దారిలో గట్టు మీద మోటార్లు పడితే సరిహద్దు గేజి దగ్గర లెక్క తగ్గేది. అప్పుడు అందరం కలిసి గేజి దగ్గరికి వెళ్లి రీడింగ్ తీసేవాళ్లం. అవసరమైతే కాలువలోకి కరెంట్ మీటర్ (నీటి ప్రవాహాన్ని కొలిచే పరికరం) దించి వేగం కొలిచేవాళ్లం. మాటా మాటా పెరిగిన రోజులూ ఉన్నాయి. కానీ ఆ రీడింగ్ కింద అందరి సంతకాలూ పడేవి. మర్నాడు అనంతపురంలో మీటింగ్ జరిగినా, హోస్పేటలో జరిగినా అదే అంకె మీద మాట్లాడాలి. నా దృష్టిలో బోర్డు బలమంతా అక్కడే ఉంది.

రెండోది, కొరత పంపకం. కృష్ణా నీళ్లని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ తుంగభద్ర ప్రాజెక్టు కింద కర్ణాటకకి 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 73.01 టీఎంసీలు ఇచ్చింది. మన భాగంలో హెచ్చెల్సీకి 32.5, ఎల్లెల్సీ (దిగువ కాలువ)కి 24, కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ)కి 10, ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం)కి డ్యాం నుంచి 6.51. అయితే పూడిక వల్ల డ్యాం సామర్థ్యం మొదట్లో 133 టీఎంసీల దాకా ఉన్నది 105కి పడిపోయింది. అందుకని ఏటా నీటి సంవత్సరం మొదట్లో ఎంత రావచ్చో బోర్డు అంచనా వేస్తుంది, అదే నిష్పత్తిలో అందరికీ కోత పెడుతుంది, సీజన్ మధ్యలో మళ్లీ సవరిస్తుంది. చివరి ఆయకట్టు రైతు తిట్టుకుంటాడు, నిజమే. కానీ కోత ఎలా వేశారో అతనికి చెప్పడానికి మా చేతిలో ఒక కాగితం ఉండేది.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు డ్యాం నిండుగా ఉంది. అంత ప్రవాహంలో, డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో స్టాప్‌లాగ్ (గేటు స్థానంలో దించే తాత్కాలిక ఉక్కు అడ్డు) దించి వారం తిరిగేలోపు ఆపగలిగారు. 30 టీఎంసీలకు పైగా పోయినా 70కి పైగా మిగిలాయి. డ్యాం బోర్డు పరిధిలో ఉంది కాబట్టి ఎవరు ముందుకు రావాలన్న ప్రశ్న తలెత్తలేదు. ఆ గొలుసుని ముందే ఎందుకు చూసుకోలేదన్న ప్రశ్న కూడా బోర్డునే అడగాలి, అది వేరే సంగతి.

ఇదే నది మీద కాస్త కిందికి వెళ్తే రాజోలిబండ ఉంది. ఆనకట్ట ఒక కొస కర్ణాటకలో, ఇంకో కొస ఆంధ్రలో, నీళ్లు మాత్రం తెలంగాణలో అలంపూర్ వైపు పొలాలకి. కాలువ మొదటి నలభై చిల్లర కిలోమీటర్లు కర్ణాటకలోనే ఉంది, చూసుకునేదీ వాళ్లే. హెచ్చెల్సీలాగా దాన్ని బోర్డు నడపదు. కాగితం మీద తెలంగాణ వాటా, డ్యాం నుంచి వచ్చేదీ కలుపుకొని, 15.9 టీఎంసీలు. అందులో ఎంత చేరుతోందో గద్వాల వైపు ఏ రైతుని అడిగినా చెబుతాడు. నది అదే, ట్రిబ్యునల్ అదే. మరి తేడా ఎక్కడొచ్చిందంటారు?

ఇప్పుడు కృష్ణా బోర్డు సంగతి. 2014 విభజన చట్టంతో వచ్చింది. 2021 జులైలో కేంద్రం గెజిట్ ఇచ్చి ఏయే ప్రాజెక్టులు బోర్డు కిందికి రావాలో చెప్పింది, ఒక్కో రాష్ట్రం 200 కోట్లు జమ చేయాలంది. ప్రాజెక్టులు చేతికి రాలేదు, డబ్బూ ఆ ప్రకారం రాలేదు. శ్రీశైలం ఆంధ్ర చూస్తుంది, సాగర్ తెలంగాణ చూస్తుంది, బోర్డు ఉత్తరాలు రాస్తుంది. శ్రీశైలంలో మట్టం 854 అడుగుల కిందికి దిగితే రాయలసీమకి నీళ్లు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడుకి ఇబ్బంది, అవతల ఎడమ గట్టు పవర్‌హౌస్‌లో తెలంగాణ వాళ్లు కరెంటు తీస్తుంటారు. ఆపమని చెప్పేవాడి దగ్గర స్విచ్ లేదు. 2023 నవంబర్ 30న, సరిగ్గా తెలంగాణ పోలింగ్ రోజున, ఆంధ్ర పోలీసులు సాగర్ 26 గేట్లలో 13 స్వాధీనం చేసుకున్నారు. చివరికి డ్యాం మీద సీఆర్‌పీఎఫ్‌ని పెట్టాల్సి వచ్చింది.

కృష్ణా నీళ్లలో ఆంధ్రకి 512, తెలంగాణకి 299 టీఎంసీల వాటా సరైనదా కాదా అన్నది ఇప్పటి బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ తేలుస్తుంది, దాని కోసం ఇవన్నీ ఆపుకుని కూర్చోనక్కర్లేదు. నన్నడిగితే ముందు పోతిరెడ్డిపాడు, శ్రీశైలం నుంచి తెలంగాణ నీళ్లు ఎత్తిపోసే కల్వకుర్తి, సాగర్ కుడి, ఎడమ కాలువలు, ఈ నాలుగు చోట్లా ఇద్దరి మనుషులూ కలిసి రోజూ రీడింగ్ తీసి సంతకం పెట్టాలి. టెలిమెట్రీ (యంత్రాలే కొలిచి పంపే లెక్క) ఉన్నా సరే, మనుషులు ఉండాలి. ఆ అంకెలు రోజూ బయట పెట్టాలి. గేట్లు అప్పగించే పంచాయితీ ఎప్పటికి తెగుతుందో కానీ, దీనికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలు (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు) ఒప్పుకుంటే చాలు.