మీ ప్రశ్నకు జవాబు: ప్రీమియం సెడాన్ కొనవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు. విజయవాడలో మందుల టోకు వ్యాపారం చేస్తున్నాను. పదకొండేళ్ళుగా ఒకే చిన్న కారు వాడుతున్నాం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది కాబట్టి 79 ఏళ్ళ మా అమ్మను వెంటబెట్టుకుని నెలకు రెండుసార్లయినా వెళ్ళి వస్తుంటాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఒక మంచి పెద్ద సెడాన్ కొనుక్కోవాలన్నది నా చిరకాల కోరిక. కొత్త జర్మన్ కారు షోరూమ్ ధరే 60 లక్షల దగ్గర చెబుతున్నారు. ఐదేళ్ళు వాడిన కారు 30 లక్షలకు దొరుకుతోంది. మా అబ్బాయి మాత్రం ఈ రోడ్లకు సెడాన్ పనికిరాదని, ఎస్‌యూవీ తీసుకోమని అంటున్నాడు. చేతిలో 30 లక్షల దాకా ఉన్నాయి, అంతకు మించితే అప్పు తేవాలి. లాభనష్టాలు వివరంగా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది అమ్మగారి మోకాళ్ళ సంగతి, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. సెడాన్ అంటే వెనుక డిక్కీ విడిగా ఉండే కారు, దాని సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి అది హాయిగానే ఉంటుంది గానీ, మోకాళ్ళు సహకరించని పెద్దవారు అందులో కూర్చునేటప్పుడు చివరి జానెడు ఎత్తు నుంచి కూలబడినట్టు కూర్చోవలసి వస్తుంది, దిగేటప్పుడు శరీర బరువంతా మోకాళ్ళ మీద మోపి లేవవలసి వస్తుంది. అలాగని పెద్ద ఎస్‌యూవీ మేలనీ చెప్పలేను, ఎందుకంటే అందులోకి కాలెత్తి మెట్టెక్కినట్టు ఎక్కాలి, చీర కట్టుకున్నవారికి అది మరింత కష్టం. సీటు అంచు అమ్మగారి తుంటి ఎత్తుకు ఎంత దగ్గరగా ఉంటే ఆవిడకు అంత సులువు. ఈ సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. కాబట్టి కారు నడిపి చూడటానికి వెళ్ళినప్పుడు ఆవిడను కూడా తీసుకువెళ్ళి, వెనుక తలుపు పూర్తిగా తెరిచి, కనీసం మూడుసార్లు ఎక్కించి దించి చూడండి. ఆవిడ మొహమాటానికి బాగుందని అనవచ్చు, మూడోసారి దిగేటప్పుడు చేయి దేని మీద ఆనించుకుంటున్నారో మీరు గమనించండి.

ఇక లాభాల విషయానికి వస్తే, మీ ప్రయాణానికి మంచి సెడాన్ నిజంగానే సరిపోతుందని నా అభిప్రాయం. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. నెలకు రెండుసార్లు వెళ్ళి వస్తే ఏడాదికి 13 వేల కిలోమీటర్లు హైవే మీదే తిరుగుతారు. బరువు నేలకు దగ్గరగా ఉండటం వల్ల సెడాన్ మలుపుల్లో పక్కకు ఒరగడం, లారీని దాటేటప్పుడు ఊగడం తక్కువగా ఉంటాయి. కారెక్కితే కడుపులో తిప్పే వారికి ఈ తేడా మొదటి ప్రయాణంలోనే తెలుస్తుంది. సామాను పెట్టె వేరుగా ఉండటం వల్ల వెనుక చక్రాల రొద, పెట్టిన వస్తువుల వాసన లోపలికి అంతగా రావు. గాలిని చీల్చుకుపోయే రూపం వల్ల అదే ఇంజన్ ఉన్న ఎస్‌యూవీ కంటే ఇంధనం కొంత తక్కువ తాగుతుంది. వెనుక సీటు విషయంలో పొడవు పెంచిన కార్లు కూడా మన దేశంలో ఉన్నాయి. 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ లిమోసిన్‌లో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం మామూలు 3 సిరీస్ కంటే 110 మిల్లీమీటర్లు ఎక్కువ, దాంతో వెనుక కూర్చున్నవారి కాళ్ళకు చోటు పెరిగింది. అయితే ఇంజన్ శక్తికి మాత్రం అదనంగా డబ్బు పోయకండి. నాలుగు వరసల హైవే మీద కార్లకు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లే, ఆ వేగానికి ఇరవై లక్షల లోపు కారు కూడా ఏ ఇబ్బందీ లేకుండా చేరుకుంటుంది.

మీ అబ్బాయి మాటలోనూ నిజం ఉంది. చక్రాల మధ్య దూరం పెరిగిన కొద్దీ, నలుగురు కూర్చున్నప్పుడు ఎత్తైన స్పీడ్ బ్రేకరు మీద కారు పొట్ట రాసుకునే అవకాశం పెరుగుతుంది. మన ఊళ్ళలో స్పీడ్ బ్రేకర్లు కొలత ప్రకారం కట్టినవి కావన్నది మీకు తెలిసినదే. వానాకాలం నీళ్ళు మరో భయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు ఏమయ్యాయో మీరు కళ్ళారా చూసి ఉంటారు. అంత వరద రాకపోయినా, నిలిచిన నీటిలో నడిపినప్పుడు గాలి తీసుకునే గొట్టం గుండా ఇంజన్‌లోకి నీరు చేరితే, ఆ నష్టం మామూలు బీమా పాలసీ కిందికి రాదు. దానికి ఇంజన్ రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. మీరు ఏ కారు కొన్నా విజయవాడలో ఉన్నంతకాలం ఆ కవరు మానవద్దు. నీళ్ళలో ఆగిపోయిన కారును మళ్ళీ స్టార్ట్ చేయవద్దని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

టైర్ల గురించి నా అనుభవం చెప్పాలి. ఇలాంటి కారు ఒకటి పాతది కొని నేను ఆరేళ్ళు ఉంచుకున్నాను. ఒక రాత్రి సూర్యాపేట దాటాక గుంటలో పడి టైరు పక్కగోడ చీలింది. ఆ కారుకు స్టెప్నీ లేదు. గాలి పోయినా సుమారు 80 కిలోమీటర్ల దూరం, 80 వేగం మించకుండా పోగలిగే రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్నాయన్న ధీమాతో ఉన్నాను గానీ, చీలిన పక్కగోడ మీద అవి కూడా నడవవు. ఆ సైజు టైరు దగ్గరి ఊళ్ళో ఎక్కడా దొరకక, కారును ఎత్తించుకుని హైదరాబాద్ పంపి, ఇంటిల్లిపాదీ బస్సెక్కాం. రన్‌ఫ్లాట్ టైర్లకు గోడలు గట్టిగా ఉండటం వల్ల గుంటల కుదుపు కూడా ఎక్కువే తెలుస్తుంది. అందుకే స్టెప్నీ ఉందా, లేకపోతే పెట్టుకునే చోటుందా అన్నది అడగకుండా డబ్బు కట్టవద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే తుది నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు ఎత్తివేసి 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంచారు. అంతకుముందు రెండూ కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉండేది, కాబట్టి ధరలు కొంత దిగాయి. అయినా 60 లక్షల కారుకు మన రెండు రాష్ట్రాల్లోనూ జీవితకాల పన్ను ధరలో దాదాపు ఐదో వంతు పడుతుంది, దాని మీద బీమా. పది లక్షలు దాటిన కారుకు అమ్మేవారే ముందుగా వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను ఒక శాతం కూడా కట్టించుకుంటారు గానీ, అది ఆదాయపు పన్ను లెక్కలో మీకు జమ అవుతుంది కాబట్టి వదిలేద్దాం. మొత్తం మీద కారు ఇంటికి వచ్చేసరికి 74 లక్షలు అవుతుందనుకోండి. బీమా లెక్క ప్రకారం నాలుగేళ్ళు దాటి ఐదేళ్ళు నిండని కారు విలువ షోరూమ్ ధరలో సగం, అంటే 30 లక్షలు. కట్టిన పన్ను అమ్మేటప్పుడు వెనక్కి రాదు. 74 లోంచి 30 పోతే 44 లక్షలు, ఐదేళ్ళ మీద పంచితే నెలకు 73 వేలకు పైగా. పెట్రోలు, డ్రైవరు, సర్వీసు, అప్పు మీద వడ్డీ ఇందులో ఇంకా చేరలేదు. మీరు సగానికి పైగా అప్పు తెచ్చి ఈ నష్టాన్ని భరించడం నాకు ఎంతమాత్రం మంచిదనిపించడం లేదు, వ్యాపారంలో చేతికందే డబ్బు అవసరం ఎప్పుడు పడుతుందో మీకే బాగా తెలుసు.

30 లక్షల పాత కారుకు ఆ పతనాన్ని మొదటి యజమానే భరించేశాడు. మరో నాలుగేళ్ళకు అది 15 లక్షలకు పడినా మీకు పోయేది నెలకు 31 వేలు మాత్రమే. ఇక్కడే చాలామంది పొరబడతారు. కారు ధర సగమైంది గానీ దాని విడిభాగాల ధర సగం కాలేదు. హెడ్‌లైటు, సస్పెన్షన్, గేరుబాక్సు ఏది చెడినా 60 లక్షల కారు బిల్లే వస్తుంది. పైగా మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో సగమే బీమా కంపెనీ ఇస్తుంది. ఈ కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే, వాటి వెనుక సెన్సర్లు కూడా ఉంటాయి. ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవరును చాలా కంపెనీలు ఐదేళ్ళు దాటిన కారుకు ఇవ్వడానికి వెనకాడతాయి. కాబట్టి పాతది కొంటే ఏటా రెండు లక్షలు పక్కన పెట్టగలరా అని ముందు ఆలోచించుకోండి, అది నా స్వంత అంచనా. ఒక ఏడాది అందులో పాతిక వేలే ఖర్చు కావచ్చు, మరుసటి ఏడాది అంతా ఒక్క బిల్లుకే పోవచ్చు. ఈ డబ్బు లేకుండా కొన్నవారు చిన్న లోపాలను వాయిదా వేసి, చివరికి పెద్ద లోపంతో నష్టానికి అమ్ముకుంటారు.

హైదరాబాద్‌లో రిజిస్టరైన కారైతే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ రిజిస్టరు చేయించి, కారు వయసును బట్టి ఇక్కడి పన్ను కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఆ మొత్తం కలుపుకోండి. వరదలో మునిగిన కార్లు కూడా తుడిచి మెరిపించి అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి లోపలి అంచున బురద మరక ఉందేమో, సీటు కింది ఇనుప పట్టాలకు తుప్పు పట్టిందేమో, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. కంపెనీ సర్వీసు చరిత్ర, బీమా క్లెయిముల చరిత్ర చూపించని కారును ఎంత చవకైనా వదిలేయండి.

నన్ను తేల్చి చెప్పమంటే, పదేళ్ళు ఉంచుకునే ఉద్దేశం ఉన్నట్టయితే జర్మన్ కార్ల కంటే, పెట్రోలు ఇంజన్‌తో పాటు విద్యుత్ మోటారు కూడా ఉన్న టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ను ముందు చూడండి. ప్రస్తుత మోడల్ 2024 డిసెంబరులో 48 లక్షల షోరూమ్ ధరకు వచ్చింది. లీటరుకు 25.49 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ ప్రకటించింది, వాడకంలో తగ్గినా ఈ పరిమాణం కారుకు అది గొప్పే. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. అయితే దీనికీ మీకు అప్పు తప్పదు. అప్పు వద్దనుకుంటే, 22 లక్షల లోపు పాత ప్రీమియం సెడాన్ మంచిది వెతికి మిగిలిన ఎనిమిది లక్షలను దాని పోషణకే బ్యాంకులో ఉంచండి. ఉన్నదంతా కారు మీదే పెట్టే 30 లక్షల బేరం మాత్రం నాకు నచ్చలేదు.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో వైద్యుణ్ణి. నాలుగేళ్ళు వాడిన బీఎస్-6 డీజిల్ ప్రీమియం సెడాన్ మంచి ధరకు వస్తోంది. ఇంటి నుంచి ఆసుపత్రికి ఆరు కిలోమీటర్లు, రోజూ నేనే నడుపుకుంటాను. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండీ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం ప్రకారం అమ్ముతున్న డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి, కొంతసేపు ఒకే వేగంతో హైవే మీద నడవాలి. ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో ఆ వేడి రాదు, మసి పేరుకుని హెచ్చరిక దీపం వెలుగుతుంది, పట్టించుకోకపోతే వడపోతనే మార్చవలసి వస్తుంది. వారానికోసారైనా హైదరాబాద్ వెళ్ళి వచ్చే పని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. మీ వాడకానికి పెట్రోలు కారు చూసుకోండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు కార్లలో చాలావాటిని పది శాతం ఇథనాల్‌కు అనువుగా రూపొందించారు, ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అందువల్ల ఇంధన మూత లోపలి చీటీ మీద, యజమాని పుస్తకంలో ఏమి రాసి ఉందో చూసి కొనండి.

ప్రశ్న: నేను అమెరికాలో డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. గుంటూరులో ఉన్న నాన్నగారికి 70 ఏళ్ళు నిండుతున్న సందర్భంగా ప్రీమియం సెడాన్ కొనివ్వాలని ఉంది. ఆయన ఇప్పటికీ తన చిన్న కారు తానే నడుపుతారు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ ప్రేమ అర్థమవుతోందమ్మా, అయినా ఒక మాట చెప్పాలి. పిల్లలు దూరం నుంచి కొని పంపిన పెద్ద కారు ముసుగు కప్పుకుని ఇంటి ముందు నిలబడి ఉండటం మన ఊళ్ళలో నేను ఎన్నోసార్లు చూశాను. గీత పడుతుందేమోనన్న భయంతో పెద్దవారు దాన్ని బయటికి తీయరు, సందుల్లో తిరగడానికి పాత కారే వాడతారు. ఈ కార్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు ఆపినప్పుడు కూడా కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటాయి, కాబట్టి కొన్ని వారాలు కదపకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఎలుకలు వైర్లు కొరికితే ఆ మరమ్మతు రోజుల తరబడి సాగుతుంది. నాన్నగారు తన చిన్న కారును తనకు నచ్చినప్పుడు తానే తీసుకుని వెళ్ళగలుగుతున్నారు, ఆ స్వేచ్ఛకు అడ్డం రాని కానుకే ఆయనకు కానుక. ముందు ఫోన్ చేసి కారు మాట ఎత్తకుండా, ఈ మధ్య ఎక్కడెక్కడికి వెళ్ళారో, రాత్రిపూట నడుపుతున్నారో లేదో అడగండి. రాత్రిపూట నడపడం మానేశారంటే ఆయనకు కావలసింది నమ్మకమైన డ్రైవరు. నడుపుతున్నారంటే గేర్లు మార్చే పని లేని, ఆరు ఎయిర్‌బ్యాగులున్న నాలుగు మీటర్ల లోపు కారు, అదీ ఆయనే షోరూమ్‌కు వెళ్ళి రంగు ఎంచుకున్నది, మీరు అనుకున్న సొమ్ములో నాలుగో వంతుకే వస్తుంది.