నీళ్ళ విషయంలో నాలుకను ఎంతవరకు నమ్మాలి

చిరంజీవి సుధకు,

కొత్త ఇంట్లో నీళ్ళు ఇనుప మేకు చప్పరించినట్టు ఉన్నాయని రాశావు. ఇంట్లో వాళ్ళు భ్రమ అంటున్నారు కానీ, నాకలా అనిపించడం లేదు. కొందరి నోరు ఇలాంటివి ఇట్టే పసిగడుతుంది.

రేపు తెల్లవారగానే, కుళాయి ఇంకెవరూ తిప్పకముందే ఒక గ్లాసు పట్టు. ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేశాక ఇంకొకటి పట్టు. ముక్కు గట్టిగా మూసుకుని మొదటి గ్లాసులోది ఒక్క గుక్క నోట్లో తిప్పి, ఉమ్మేసి, అప్పుడు ముక్కు వదులు. ఆ క్షణాన తుప్పు గుప్పుమంటే అది ఇనుమే అయివుంటుంది. ఇనుము రుచి అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. ఇనుము నోటిలోని కొవ్వులను ఆక్సీకరిస్తే పుట్టే ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కుకెక్కుతాయి. ముక్కు మూసుకున్నా నాలుక మీద చేదు నిలిచి, కుళాయి కింద నీలి పచ్చ మరక కూడా ఉంటే రాగిని అనుమానించు. జింకు అయితే నోరంతా వగరు. రెండో గ్లాసులో రుచి తగ్గిందా, తప్పు నీ ఇంటి గొట్టాలదే.

లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే ఇనుము, సుమారు 2.5 దాటితే రాగి, 4 దగ్గర జింకు తెలుస్తాయి. సీసం, ఆర్సెనిక్ మాత్రం దొంగలు. వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములే. ఆ హద్దుకు ఎన్ని రెట్లున్నా నాలుకకు అంతుపట్టవు. నేను ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లో ఒక బావి నీళ్ళు ఎంత కమ్మగా ఉన్నాయో అని రెండు గ్లాసులు తాగాను. సాయంత్రానికి ఫలితం వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మరిగిస్తే పోతుందనుకోకు. నీరు ఆవిరవుతుంది, లోహం మిగిలి చిక్కబడుతుంది. వేడి నీళ్ళ కుళాయి నుంచి తాగడానికి పట్టకు, వేడికి గొట్టాల్లోని సీసం ఇంకా కరుగుతుంది.

ఎక్కడ తాగినా అదే రుచి వస్తుంటే నీళ్ళను వదిలి పళ్ళ డాక్టరును కలువు. చిగుళ్ళ జబ్బుకూ, చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ లాంటి మందులకూ నోరు అలాగే అవుతుంది.

పరీక్షకు పంపేటప్పుడు సీసం, ఆర్సెనిక్ అని పేరు పెట్టి అడుగు. అడగకపోతే చాలాచోట్ల అవి చూడరు. సీసాలో పొద్దున్నే వచ్చిన మొదటి నీళ్ళే పట్టు. మర్యాదకని కాసేపు వదిలి పట్టావంటే దొంగ తప్పించుకుంటాడు.

ఆశీస్సులతో,
మామయ్య