జియోథర్మల్ హీట్ పంపులు, సోలార్: మెకానికల్ విద్యార్థినికి దారి ఎటు?

ప్రశ్న: మాది కొత్తగూడెం. మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతోంది. మణుగూరు దగ్గర పగిడేరులో భూమిలోంచి వచ్చే వేడినీటితో కరెంటు తీస్తారని విన్నప్పటి నుంచి జియోథర్మల్ మీద ఇష్టం పెంచుకుంది. భూమిలోని వేడి, సోలార్ కలిపి ఇళ్లకు, భవనాలకు వాడే రంగంలో స్థిరపడతానని, అందుకోసం విదేశాల్లో ఎమ్మెస్ చేస్తానని అంటోంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేసిన మా అబ్బాయి కూడా సోలార్ వైపే చూస్తున్నాడు. అప్పు చేసి అమ్మాయిని పంపేంత భవిష్యత్తు ఇందులో ఉందా? సైటు పనులు ఆడపిల్లకు ఇబ్బంది కావా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న దిశ మంచిదే. అయితే జియోథర్మల్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులు ఉన్నాయి. వాటిని ముందుగా విడదీసి చూసుకుంటే అప్పు సంగతి కూడా తేలికగా తేలుతుంది.

పగిడేరులో సింగరేణి సంస్థ చేపట్టిన 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు, భూగర్భం నుంచి వచ్చే వేడినీటితో విద్యుత్తు తీయడానికి ఉద్దేశించినది. లద్దాఖ్‌లోని పూగా లోయ, హిమాచల్‌లోని మణికరణ్ వంటి వేడి ఊటలున్న చోట్లు దేశంలో కొన్నే ఉన్నాయి. అక్కడి పని ప్రధానంగా భూగర్భ శాస్త్రం చదివినవారిది, డ్రిల్లింగ్ ఇంజినీర్లది. రెండోది ఇళ్లలో వాడే జియోథర్మల్ హీట్ పంపు, అంటే నేలకూ గదికీ మధ్య వేడిని మోసే యంత్రం. దానికి వేడి ఊటతో పనేలేదు. నేలలో సుమారు పది మీటర్ల లోతు దాటితే ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు ఒకేలా, ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. స్వీడన్‌లో ఇంటి పక్కనే రాతిలో 100 నుంచి 200 మీటర్ల బోరు వేసి, అందులోకి యూ ఆకారపు ప్లాస్టిక్ గొట్టం దింపి, గడ్డకట్టని ద్రవాన్ని తిప్పుతారు. బయట మంచు కురుస్తున్నా నేల నుంచి ఆ ద్రవం తెచ్చిన వేడిని కంప్రెసర్ మరింత పై ఉష్ణోగ్రతకు చేర్చి గదులకు అందిస్తుంది. ఈ పద్ధతిలో ఒక యూనిట్ కరెంటు ఖర్చుపెడితే మూడు నాలుగు యూనిట్ల వేడి దక్కుతుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం సుమారు 3,600 బోర్లతో ఇలాంటి ఏర్పాటు చేసుకుని, బొగ్గుతో నడిచే నాలుగు బాయిలర్లను పక్కన పెట్టింది.

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అదే లోతున నేల 26 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనకు కావలసింది చల్లదనం కనుక గదిలోని వేడిని నేలలోకి పంపాలి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిలోకి వేడిని వదలడం కంటే 27 డిగ్రీల నేలలోకి వదలడం కంప్రెసర్‌కు సులువన్నది నిజమే. బోరు మోటారు నీటిని ఎంత లోతు నుంచి తోడితే అంత కరెంటు కాలినట్టే, హీట్ పంపు కూడా రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా పెరిగినకొద్దీ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. కానీ చలి దేశాల్లో వేసవిలో నేలకు చేరిన వేడిని శీతాకాలంలో తిరిగి తీసుకుంటారు. మన శీతాకాలానికి ఆ అవసరం లేదు కాబట్టి ఏటేటా లోపలికి పంపిన వేడి బోరు చుట్టూ పేరుకుపోయి, కొన్నేళ్లకు లాభం తగ్గుతుంది. బోరు తవ్వే లారీలు మన పల్లెపల్లెకూ వస్తాయి కనుక తవ్వకం మనకు అడ్డంకి కాదు, అసలు అడ్డంకి ఈ లెక్కే. అందువల్ల ఇక్కడ ఇళ్లకు బోర్లు వేసి హీట్ పంపులు పెట్టే ఉద్యోగాలు పెద్ద సంఖ్యలో వస్తాయని నేను మీకు చెప్పలేను. దేశంలో వేడి అవసరమయ్యే లేహ్, కశ్మీర్ వంటి చోట్ల మాత్రం వాటికి అర్థముంది.

ఇంతమాత్రాన ఆమె ఆసక్తి వృథా కాదు. హీట్ పంపు, ఏసీ, ఫ్రిజ్ మూడింటి లోపల నడిచేది, కంప్రెసర్‌తో వేడిని ఒక చోటి నుంచి మరో చోటికి మోసే ఒకే ప్రక్రియ. దాన్ని బాగా నేర్చుకున్నవారికి మన దగ్గర పని దొరుకుతుంది. ఒక చిన్న లెక్క ఆమె చేత చేయించండి. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడి చేయాలంటే సుమారు 12,560 కిలోజౌళ్లు కావాలి. ఒక యూనిట్ కరెంటు 3,600 కిలోజౌళ్లకు సమానం కాబట్టి గీజరుకు మూడున్నర యూనిట్లు పడుతుంది. గాలి నుంచి వేడి తీసుకునే హీట్ పంపుకు, అది మూడున్నర రెట్లు ఇచ్చే పరిస్థితిలో, ఒక్క యూనిట్ చాలు. హాస్టళ్లు, ఆసుపత్రులు, హోటళ్లు ఇలాంటివి పెట్టుకోవడానికి కారణం ఇదే. ఒక హాస్టల్‌కు రోజుకు ఎన్ని లీటర్లు కావాలో అడిగి, ఇదే లెక్కను సోలార్ వాటర్ హీటరుతో, మామూలు గీజరుతో పోల్చి రాయగలిగితే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ కాగితమే ఎక్కువ పనిచేస్తుంది.

సోలార్‌తో జోడించినప్పుడు మన ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. చలి దేశాల్లో వేడి ఎక్కువగా కావలసిన శీతాకాలంలోనే ఎండ తక్కువగా ఉంటుంది. మనకు మాత్రం ఎండ మండే వేళే చల్లదనం కావాలి, అప్పుడే పైకప్పు మీది పలకలు కరెంటు ఇస్తాయి. పగటిపూట నడిచే కార్యాలయ భవనాల్లో ఈ పొంతన మరింత బాగుంటుంది. చల్లదనానికి పట్టే కరెంటునే తగ్గించే దారి కూడా ఉంది. హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో పూర్తయిన ఒక భవనంలో ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లని నీటిని తిప్పే రేడియంట్ కూలింగ్ పెట్టి పోల్చి చూశారు. రెండో సగంలో చల్లదనానికి అయిన కరెంటు దాదాపు మూడో వంతు తగ్గింది. ఆ గొట్టాల్లోకి మరీ చల్లని నీరు అక్కర్లేదు కనుక కంప్రెసర్ మీద భారం తగ్గుతుంది. ఉష్ణోగ్రతల తేడా తగ్గితే కరెంటు తగ్గుతుందన్న ఒకే సూత్రం స్వీడన్ బోరులోనూ పోచారం శ్లాబులోనూ పనిచేస్తుంది. మీ అమ్మాయి దాన్ని ఇంటికి దగ్గర్లోనే నేర్చుకోవచ్చు.

కాబట్టి మిగిలిన మూడు సెమిస్టర్లలో థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ సబ్జెక్టులను మార్కుల కోసం కాకుండా లెక్క కట్టగలిగేంత లోతుగా చదవమనండి. భవనాల శక్తి వినియోగాన్ని అంచనా వేసే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తన కాలేజీ భవనాన్నే అందులో నమూనాగా తయారుచేయడం మంచి ఫైనలియర్ ప్రాజెక్టు అవుతుంది. బీటెక్ తరువాత ఏసీ వ్యవస్థల డిజైన్ సంస్థల్లోనో, హరిత భవనాల కన్సల్టెన్సీల్లోనో రెండు మూడేళ్లు పనిచేయడం మేలు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండడం మన పిల్లలకు కలిసొచ్చే విషయం. ఇంజినీరింగ్ డిగ్రీతో మూడేళ్ల అనుభవం ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తరఫున జరిగే ఎనర్జీ ఆడిటర్ (శక్తి వాడకాన్ని లెక్కగట్టి, తగ్గించే దారులు చూపేవారు) పరీక్ష రాయవచ్చు. దానికి దేశమంతటా గుర్తింపు ఉంది. గేట్ ర్యాంకు వస్తే వరంగల్ ఎన్ఐటీలో థర్మల్ ఇంజినీరింగ్ ఉంది. భవనాల వైపే వెళ్లాలనుకుంటే అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయంలో బిల్డింగ్ ఎనర్జీ పెర్ఫార్మెన్స్‌లో ఎంటెక్ చేయవచ్చు.

సైటు విషయంలో మీ బెంగ నాకు అర్థమవుతుంది. ఈ రంగంలో డిజైన్, లెక్కల పని చాలావరకు ఆఫీసులోనే జరుగుతుంది. అయినా ఆమెను సైటుకు వెళ్లకుండా ఆపవద్దని నా మనవి. చిల్లర్ (భవనానికి చల్లని నీరు అందించే యంత్రం) ఉన్న గదిలో నిలబడి గేజీలు చదవనివారు కాగితం మీద వేసే డిజైన్‌ను ఎవరూ పూర్తిగా నమ్మరు. ఉద్యోగంలో చేరేముందు ప్రయాణం, వసతి, పని వేళల గురించి సంస్థను నేరుగా అడగండి.

విదేశీ ఎమ్మెస్ వద్దనడం లేదు, ఇప్పుడే వద్దంటున్నాను. అమెరికాలో ఇళ్లకు సోలార్, జియోథర్మల్ హీట్ పంపులు పెట్టుకునేవారికి ఖర్చులో 30 శాతం మేర ఇచ్చిన పన్ను రాయితీని 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ ఏడాది డిసెంబరు 31తో ముగించింది. ఇలాంటి ఒక్క నిర్ణయంతో గిరాకీ మారే చోటికి, అనుభవం లేకుండా, తలకు మించిన అప్పుతో వెళ్లడం ప్రమాదం. రెండేళ్లు పనిచేశాక కూడా నేలలోని హీట్ పంపుల మీదే మనసుంటే, స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని కేటీహెచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం ఈ అంశం మీద లోతుగా పరిశోధన జరిగిన చోట్లు. అప్పటికి ఏ ప్రొఫెసర్‌కు ఏమి రాయాలో ఆమెకే తెలుస్తుంది.

మీ అబ్బాయికి మాత్రం పని ఇప్పుడే ఉంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల పైకప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. మూడు కిలోవాట్లకు రూ. 78,000 రాయితీ వస్తుంది, అందుకు సుమారు 300 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. గురుగ్రామ్ దగ్గరి గ్వాల్ పహాడీలో ఉన్న జాతీయ సౌరశక్తి సంస్థ ఆధ్వర్యంలో సూర్యమిత్ర పేరుతో 600 గంటల శిక్షణ రూపొందింది. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ వారికి అది సరిగ్గా సరిపోతుంది. ప్రైవేటు సంస్థలో నేర్చుకోవాలనుకుంటే, డబ్బు కట్టేముందు శిక్షణ నిజమైన పైకప్పు మీద ఉంటుందో లేదో చూసుకోమనండి. మెయిన్ ఆపినా వెలుతురు ఉన్నంతసేపూ పలకల్లో డీసీ వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. కనెక్టర్‌ను సరిగా బిగించడం, ఎర్తింగ్ వేయడం, మధ్యాహ్నం మూడు గంటలకు నీళ్ల ట్యాంకు నీడ ఏ పలక మీద పడుతుందో ముందే గుర్తించడం చేత్తో చేసి నేర్చుకోవాల్సినవి. శిక్షణతో పాటు వైర్‌మన్ పర్మిట్ (వైరింగ్ పనులు చేసేందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కూడా తీసుకుంటే, రేపు పనులు దొరకడానికి ఉపయోగపడుతుంది.