ప్లాస్టిక్ డ్యూటీ లెక్కేసి మెటల్ గాజులు తెప్పిస్తే… ఇంటి ఎఫ్‌డీ పోయింది

మిర్యాలగూడల ఫ్యాన్సీ స్టోర్ నడిపే ఒకాయన అడిగిన్రు: "పెళ్లిళ్ల సీజన్‌కని చైనా నుంచి 250 కిలోల మెటల్ గాజులు, నెక్లెస్ సెట్లు 2 లక్షలకు తెప్పించిన. తెలిసినాయన ప్లాస్టిక్ గాజులకు కట్టిన కస్టమ్స్ డ్యూటీ చూసి నాకు 30 వేలు అయితదనుకున్న. ఇప్పుడు క్లియరింగ్ ఏజెంట్ తూకం లెక్కన లక్షన్నర అంటున్నడు. లక్షన్నర ఎఫ్‌డీ తీసి, మా ఆమె బంగారం కుదువపెట్టి సరుకు పైసలు కట్టిన. డ్యూటీకి నూటికి మూడు రూపాల మిత్తికి తేవాల్నా?"

తేవొద్దు. నెలకు 4,500 మిత్తే అయితది, మీ సరుకేమో ఇంకా సనత్‌నగర్ కంటైనర్ డిపోల, కస్టమ్స్ దగ్గరనే ఉంది, షాపుకొచ్చి అమ్ముడుపోయే దాకా ఆ మీటర్ ఆగదు.

ఇట్ల లెక్క తప్పేటోళ్లు చానామంది ఉన్నరు, అందుకే రాస్తున్న. గాజులన్నీ చూడనీకి ఒక్కటే, కస్టమ్స్‌కు మాత్రం కాదు. డ్యూటీ రేట్లు రాసిన కస్టమ్స్ పట్టికల సాదా ప్లాస్టిక్ గాజు 39వ చాప్టర్, గ్లాసుతో చేసింది 70, గిల్టు మెటల్‌ది 71. రెండు మూడు రకాలు కలిపి చేసిందైతే ఏ మెటీరియల్‌తోటి దానికి ఆ రూపం వచ్చిందో అదే చూస్తరు. ఇక గిల్టు నగలను మరీ తక్కువ ధర చూపించి తెస్తున్నరని 2022 బడ్జెట్ల కిలోకు కనీసం 400 రూపాయల డ్యూటీ పడాలని పెట్టిన్రు, 2023ల దాన్ని 600 చేసిన్రు. మా ఇంట్ల ఒక నెక్లెస్ సెట్టు వంటింటి త్రాసుల పెట్టి చూసిన, 150 గ్రాములు తూగింది, ఆ లెక్కన ఒక్క సెట్టుకే 90 రూపాయల డ్యూటీ, కొన్న ధర ఎంత తక్కువున్నా సరే. మీరు ధర చూసిన్రు, బరువు చూడలే.

కానీ నాకు డ్యూటీ కంటే ఆ ఎఫ్‌డీ గురించే ఎక్కువ బాధయితుంది. అది ఇంటి పైసలండి. ఆరు నెలల రేషను, కిరాయి, పిల్లల ఫీజులు, దవాఖాన, వాటికి పెట్టుకున్నది. దుకాణం దెబ్బతిన్న నెలల ఇల్లు నడవనీకే అది ఉంటది, మీరేమో దాన్ని తీస్కపోయి దుకాణంలనే పోసిన్రు, ఇప్పుడు దుకాణమూ ఇరుకుల పడ్డది, ఇల్లూ ఖాళీ, బంగారమూ లేదు. రేపు ఇంట్ల ఎవరికన్న జ్వరమొస్తే ఆ మూడు రూపాల ఫైనాన్స్ ఆయన దగ్గరికే ఉరకాలె.

ఇప్పుడు చేయాల్సింది, సరుకును బాండెడ్ వేర్‌హౌస్‌ల, అంటే డ్యూటీ కట్టకముందు సరుకు దాచిపెట్టే గోదాంల, పెట్టియ్యమని ఏజెంట్‌ను అడగండి. కట్టగలిగినంత డ్యూటీ కట్టి కొంచెం కొంచెం విడిపించుకోవచ్చు, 90 రోజుల దాకా డ్యూటీ మీద మిత్తి పడదు, వేర్‌హౌస్ కిరాయి, బాండు ఖర్చు ఉంటయి. లేటు చేయకండి, సరుకు దిగిన 30 రోజులల్ల ఏదీ తేల్చకపోతే డిపోవాళ్లు అమ్మేయొచ్చు. ఇన్‌వాయిస్ల ప్లాస్టిక్ అని రాయిద్దామని ఎవరన్న చెప్తే అస్సలు వినొద్దు, సరుకు జప్తు చేస్తరు, పైన పెనాల్టీ. చిట్టీ ఉంటే ఎత్తుకోవచ్చు, కసరు చూస్కోండి.

మొదటి లాట్ అమ్మినంక వచ్చిన పైసల్ల సగం బంగారానికి, సగం ఎఫ్‌డీకి. గల్లాపెట్టెల పెట్టకండి, అదే రోజు బ్యాంకుల వేయండి. ఆ లక్షన్నర మళ్ల నిండే దాకా చైనా ఆర్డర్ మాట ఎత్తొద్దు, ఎత్తినా ముందుగాల ఒక్క సాంపిల్ తెప్పించి, తూకమేసి, ఏ చాప్టర్ల పడ్తదో ఏజెంట్‌తోని కాగితం మీద రాయించుకోండి.