కరువుతో మొదలుపెట్టద్దు, పాపా

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

నువ్వు బిజినెస్ స్కూళ్లకు దరఖాస్తు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ స్కూళ్ల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో మంచి స్కోరే వచ్చిందంట. అనంతపురం జిల్లా పుట్లూరు చీనీ (బత్తాయి) తోటల్లో తిరిగిన పిల్ల ఇంతదూరం ఆలోచన చేసిందంటే నాకు ఎంత గర్వమో! కానీ దరఖాస్తుతో పంపే ఎస్సేలు రెండు వారాల్లో రాసేస్తానన్నావంట చూడు, ఆ మాటకే భయమేసింది. అదే స్కోరు ఉన్నోళ్లు చానామంది ఉంటారు. వాళ్లలో నువ్వెవరో తెలిసేది ఎస్సేల్లోనే. ఎనిమిది వారాలన్నా పెట్టుకో.

పద పరిమితి దాటద్దు. ఒక స్కూలుకు రాసినదాంట్లో ఇంకో స్కూలు పేరు మిగిలిందేమో వెతుకు. పాత నమూనాలు నమ్మద్దు, ప్రశ్నలు మారుతుంటాయి. హార్వర్డ్ అంతకుముందు 900 పదాల్లో ఒకే ఎస్సే అడిగేది, 2024లో దాన్ని తీసేసి 300, 250, 250 పదాల మూడు చిన్నవి పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. మన పక్క పిల్లలు పదేపదే చేసే తప్పు ఒకటుంది. మొదటి వాక్యమే 'మాది కరువు జిల్లా' అని ఎత్తుకుంటారు. ఎండిన బోర్లు, పోయిన వేరుశనగ, నాయన అప్పులు, అమ్మ తాకట్టు పెట్టిన నగలు. అన్నీ నిజాలే, రాస్తుంటే కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. కానీ 400 పదాల ఎస్సే అనుకుంటే 250 వాటికే అయిపోతాయి. వాన రాలేదు, బోరు ఎండింది, నాయన అప్పు చేసినాడు. మరి రాసిన పిల్ల ఏం చేసింది? ఎక్కడా ఉండదు. చదివినవాళ్లకు జాలి కలుగుతుంది, కానీ జాలిపడి సీటు ఇవ్వరు. ఏది మంచిదో తేలని చోట నువ్వు ఏం నిర్ణయం తీసుకున్నావు, నలుగురినీ ఎట్ల కలుపుకున్నావు, అది బెడిసికొడితే ఏం చేసినావు, ఇవి వెతుకుతారు. కరువు గురించి ఒక్క వాక్యం చాలు. అదీ నీ నిర్ణయానికి కారణమైతేనే.

నీ దగ్గరున్న కథను నువ్వే మర్చిపోయినట్టుంది. కాయలు మార్కెట్ యార్డుకు తోలద్దు, నేరుగా బెంగళూరు దుకాణాలకు పంపుదామని మీ నాయనతో పట్టుబట్టింది నువ్వు కాదా? సూటు కింద, అంటే తూకంలో కోత కింద, టన్నుకు ఎంత పోతోందో కాగితం మీద లెక్కేసి చూపించినావు. పక్క తోటలోళ్లు ఐదుగురు ముందు నవ్వి, తర్వాత వాళ్లే కలిసినారు. రెండో లోడులో సైజులు వేరు చెయ్యకుండా నింపినందుకు సగం కాయలు వెనక్కొచ్చినాయి. ఎవరి కాయలెన్నో పుస్తకంలో రాయించి, నష్టం పంచి, మూడో లోడుకు సైజు చూసే రింగులు చేయించినావు. ఇదీ రాయాల్సింది, ఆ వెనక్కొచ్చిన లోడుతో సహా.

400 పదాలను ఇట్ల పంచుకో. పరిస్థితికి 60. నీ ముందున్న దారులేమి, ఇదే ఎందుకు పట్టుకున్నావు, దానికి 90. చేసిన పని, కాదన్నవాళ్లను ఒప్పించిన తీరుకు 150. ఫలితానికి 50. ఆ తర్వాత నీ పద్ధతిలో ఏం మారిందో దానికి 50. సూటు అంటే చదివేవాళ్లకు తెలియదు, తూకంలో కోత అని ఒక్క ముక్కలో చెప్పు. 'లాభం 20 శాతం పెరిగింది' అని వదిలేస్తే ఎంతమీద అని అడుగుతారు. కిలోకు ఎంత తేడా వచ్చింది, ఎన్ని టన్నుల మీద వచ్చింది రాయి. లెక్కల పుస్తకం ముందర పెట్టుకునే రాయి. గుర్తున్నకాడికి రాసిన అంకె ఇంటర్వ్యూలో మారిపోతుంది.

'మేమంతా చేసినాము' అని రాసిన ప్రతిచోటా ఆగి నీ వంతు ఏదో చెప్పు. చేసిన పని చెప్పుకుంటే గొప్పలు పోవడమని మన ఇళ్లలో ఆడపిల్లలకు నేర్పినారు. దాన్ని పక్కన పెట్టు తల్లీ.

లక్ష్యాల ఎస్సేలో 'రైతులకు సేవ చేస్తాను' అంటే ఎవరూ నమ్మరు. చదువైన వెంటనే పండ్ల సరఫరా కంపెనీలో కొనుగోళ్ల పని, తర్వాత సొంతంగా గ్రేడింగు, కోల్డ్ స్టోరేజీ అని మెట్టుమెట్టుగా రాయి. ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)లో నీలా ఉద్యోగం చేసినోళ్లు చేరే పీజీపీ కోర్సు ఒక్క ఏడాదే, మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ ఉండదు. సాఫ్ట్‌వేర్ వదిలి వేరే రంగానికి పోతానంటున్నావు కాబట్టి ఆ లోటు ఎట్ల పూడ్చుకుంటావో అక్కడ చెప్పాల్సిందే. స్టాన్‌ఫర్డ్ నీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అని అడుగుతుంది. ఏది అనేదానికి రెండు వాక్యాలు, మిగిలినదంతా ఎందుకు అనేదానికి.

బీటెక్‌లో తప్పిన సబ్జెక్టు గురించి ఐచ్ఛిక ఎస్సేలో 80 పదాలు మించద్దు. ఏం జరిగింది, ఎప్పుడు పాసైనావు, తర్వాత మార్కులెట్లున్నాయి, అంతే. ఆ నెలలో జేజి ఆసుపత్రిలో ఉంటే రాత్రుళ్లు మంచం పక్కన కూర్చున్నది నువ్వే. నాకు తెలుసు. ఒక వాక్యంలో అదీ రాయి, సాగదీయద్దు.

సిఫారసు లేఖ రాసే పై అధికారిని ఆరు వారాల ముందే అడుగు. నువ్వు చేసిన మూడు పనులు తేదీలతో ఒక పేజీ రాసియ్యి. 'నువ్వే రాసుకో, నేను పంపిస్తా' అంటే నమస్కారం పెట్టి ఇంకొకరిని చూసుకో.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. డబ్బు తీసుకుని ఎస్సేలు రాసిపెట్టేవాళ్ల గడప తొక్కద్దు. చాట్‌జీపీటీతో రాయించద్దు. ఇంటర్వ్యూలో ఆ లోడు మీదే వరసగా ప్రశ్నలు వేస్తే, నీవి కాని మాటలకు నువ్వు జవాబు చెప్పలేవు. సీటు ఇచ్చినాక కూడా ఉద్యోగం, జీతం వివరాలు సరిచూసే స్కూళ్లున్నాయి. అబద్ధం తేలితే ఇచ్చిన సీటు లాగేసుకుంటారు.

చిత్తుప్రతి ఇద్దరికే చూపించు, నీ ఉద్యోగం తెలిసినవాళ్లు ఒకరు, ఏమీ తెలియనివాళ్లు ఒకరు. పదిమంది దిద్దితే అది నీ రాత కాకుండా పోతుంది. ఆఖర్న గట్టిగా చదువు, నాలుక తడబడిన వాక్యం మార్చు.

గడువు ఏ దేశపు టైమో చూసుకో. హార్వర్డ్‌ది బోస్టన్ మధ్యాహ్నం 12 గంటలు, అంటే సెప్టెంబరులో మనకు రాత్రి 9:30, జనవరిలో 10:30. రెండు రోజుల ముందే పంపెయ్. పంపేముందు మొత్తం దరఖాస్తు ప్రింటు తీసి చదువు, ఆన్‌లైన్ ఫారం పెట్టెలో అతికించినప్పుడు చివరి వాక్యం తెగిపోయుంటే అక్కడే కనబడుతుంది.

దీవెనలతో
మీ మామ